ఇద్దరేసిగా నడచువారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో సేవను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. సేవ యనగానే మనము పురాణ పురుషులను స్మరింతుము. అది యుచితమే. కాని నేడు నేను మీ ముందుంచదలచినవాడు పురాణ పురుషుడు కాడు. పదునెనిమిది, పందొమ్మిదేండ్ల అమెరికా కుఱ్ఱవాడు, మార్మను మతస్థుడు. పరదేశమున అతడు గడపు వారమెట్టిదో చూచి, అందుండి మనము గ్రహింపదగినదేమో విచారింతము.

మార్మనులని లోకము పిలుచు వారి సంఘమునకు అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘము. 1830లో జోసెఫ్ స్మిత్ అనునాతడు న్యూయార్కు రాష్ట్రమున దానిని స్థాపించెను. బైబిలుతోపాటు మార్మను గ్రంథమను మఱియొక గ్రంథమును వారు పవిత్రముగా నెంతురు. 1844లో అల్లరిమూకలు స్మిత్తును చంపివేయగా, 1847లో బ్రిగం యంగ్ నాయకత్వమున వారు పడమటి యెడారి సీమకు వలసపోయి సాల్ట్ లేక్ నగరమును నిర్మించుకొనిరి. మద్యము, పొగాకు మాత్రమే కాదు, కాఫీయు తేనీరును గూడ వారికి నిషిద్ధములే. ఈ మాట వినగానే మనలో పలువురు ఆ మతము మనకు పొసగదని నిశ్చయించుకొనియే యుందురు!

ఈ సంఘమున యువకులు రెండేండ్లు, యువతులు పదునెనిమిది నెలలు మిషనరీలుగా పనిచేయుదురు. యువకులకు కనీస వయస్సు పూర్వము 19 ఏండ్లు. 2012లో దానిని 18కి తగ్గించిరి. ఏ దేశమునకు పోవలెనో తాము కోరుకొనరాదు. సంఘము పంపిన చోటికి పోవలసినదే. జీతము లేదు. ఖర్చులో తమ వంతును తామో తమ కుటుంబమో భరింపవలెను. 2024 చివరకు ఇట్టివారు లోకమునందు 70 వేలకు పైగా నుండిరి.

వీరెన్నడును ఒంటరిగా తిరుగరు. క్రీస్తు తన శిష్యులను ఇద్దరేసిగా పంపెనని బైబిలు చెప్పుచున్నది గనుక వీరును జంటలుగానే నడతురు. బుద్ధ భగవానుడు తన భిక్షువులను ఒక్క త్రోవన ఇద్దరు పోవలదని పంపినట్లు బౌద్ధ గ్రంథములు చెప్పును. ఒకరు ధర్మము నలుదెసలకు వ్యాపింపవలెనని తలచిరి; ఒకరు నడచువానికి తోడుండవలెనని తలచిరి. రెండును లోకానుభవముతో చెప్పిన మాటలే.

ఇక వారము సంగతి. వారమున నొకదినము, తఱచుగా సోమవారము, సొంత పనులకు విడిచిన దినము. బట్టలుతుకుకొనుట, గది యూడ్చుకొనుట, సరకులు తెచ్చుకొనుట, ఇంటికి జాబు వ్రాయుట ఆనాటి పనులు. 2019 వరకు కన్నవారితో ఫోనులో మాటలాడుట ఏడాదికి రెండుమాఱులు మాత్రమే, క్రిస్మసునాడు, మాతృదినమునాడు. ఆ యేటినుండి వారమునకొకసారి మాటలాడుటకు అనుమతి కలిగినది. తక్కిన దినములలో సాధారణముగా ఉదయము 6-30కి లేచి, వ్యాయామము, గ్రంథ పఠనము, ఆ దేశభాషాభ్యాసము ముగించి వీధిలోనికి పోవుదురు. తెఱచు తలుపులకంటె మూసికొను తలుపులే యెక్కువ. రాత్రి 10-30కి నిద్ర.

బోధ మాత్రమే వారి పని కాదు. ముసలివారి పెరటిలో కలుపు తీయుదురు. వరద వచ్చినచోట ఇండ్లలోని బురద నెత్తిపోయుదురు. పెక్కు దేశములలో ఉచితముగా ఆంగ్ల పాఠములు చెప్పుదురు. ఆదివారము సభలో రొట్టెయు నీరును పంచుకొందురు. వారమునకొకమాఱు ఆ జంట కూర్చుండి, ఎవరిని కలిసితిమి, ఎవరికి బోధించితిమి, వచ్చు వారమున ఎవరియింటికి పోవలెనని లెక్క చూచుకొని, తమపై యధికారికి జాబు వ్రాయుదురు.

లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావున ఈ లెక్కకడ నా చూపు నిలిచినది. లెక్క మంచిదే, కాని దానికొక రోగము గలదు. 1950ల చివర, 1960ల మొదట ఇంగ్లండులో ఈ మిషనరీలు బేస్‌బాల్ ఆటపేర బాలురను జేర్చి, ఆటకు వచ్చినవారికి బాప్తిస్మము లిచ్చి, సంఖ్యలు పెంచిరి. ఆ బాలురలో పలువురికి తాము చేరినదేమో తెలియనే తెలియదు. వారు తిరిగి సభకు రాలేదు. తరువాత ఎన్నో పేర్లను జాబితానుండి కొట్టివేయవలసి వచ్చెను. చిట్టాలో సంఖ్య యున్నది, సభలో మనిషి లేడు!

దీనికి ప్రతిగా మఱియొక యువకుని చూడుడు. ఐడహో రాష్ట్రమువాడగు జాన్ గ్రోబర్గ్ 1954లో, ఇరువదియేండ్ల ప్రాయమున, పసిఫిక్ సముద్రములోని టోంగా దేశమునకు పోయెను. అతనిని నియువటొపుటపు అను మారుమూల దీవికి, ఒక టోంగా దేశీయుని తోడుగా నిచ్చి పంపిరి. భాష రాదు. టోంగా బైబిలును ఆంగ్ల బైబిలును ప్రక్కప్రక్కన నుంచుకొని చదివి నేర్చుకొనెను. నిద్రలో ఎలుకలు అరికాళ్లు కొఱికినవి. తుఫాను పంటలను నేలమట్టము చేయగా, సరకుల యోడ రాక, దీవివారితోపాటు తానును ఆకలితో నలమటించెను. ఈ యనుభవములను 1993లో గ్రంథముగా ప్రకటించెను. 2001లో దానినిబట్టి చలనచిత్రమును తీసిరి. ఆ దీవిలో అతడు బోధించుటకు ముందు నేర్చుకొనినాడు. పెట్టుటకు ముందు వారితో కలిసి పస్తున్నాడు. అందువలననే అతనికి తలుపులు తెఱచుకొనినవి.

మతాంతరమును గోరి చేయు సేవ సేవయగునాయని మీలో కొందఱకు సందేహము కలుగును. ఆ సందేహము న్యాయమైనదే. ఈ సంఘము మనకు దూరపుది గూడ కాదు. పెక్కు స్థానిక సభలను కలిపి వారు స్టేకు అని పిలుచు కూటమి భారతదేశమున మొట్టమొదట 2012లో హైదరాబాదుననే యేర్పడినది. ఎవరి విశ్వాసము వారిది. నేను చెప్పునది యింతియే: సేవ వల కారాదు. వలయైననాడు ఏమగునో ఇంగ్లండు కథయే చెప్పుచున్నది. కలుపు తీసిన పెరడు మాత్రము, ఆ ముసలివాడు మతము మారినను మారకున్నను, శుభ్రముగనే యుండును.

మహాభారతమున ధర్మరాజు అశ్వమేధము ముగిసినవేళ సగము మేను బంగారమైన ముంగిస వచ్చి, ఈ దానములన్నియు ఉంఛవృత్తి బ్రాహ్మణుడు అతిథికి పెట్టిన పేలపిండికి సరిగావని పలికెను. ధర్మరాజు దానములకు లెక్క యున్నది. పేలపిండి పెట్టినవాని కుటుంబమునకు ఆనాటి తిండి యదియే.

మన గ్రంథాలయమునకును రిజిస్టరులు గలవు. గ్రంథములెన్ని, చందాదారులెందఱు అను లెక్క వానిలో నున్నది. కన్ను మసకబాఱిన తాతకు ఎవరు చదివి వినిపించిరి, అక్షరము రాని తల్లికి బిడ్డ జాబును ఎవరు చదివిపెట్టిరి అను లెక్క లేదు. యువకులారా, యువతులారా! మీరు సముద్రములు దాటనక్కఱలేదు, రెండేండ్లీయనక్కఱలేదు. ఇద్దరేసిగా జతగూడి, వారమున నొక సాయంకాలము, ఒక్కొక గ్రంథము చేతబట్టుకొని గ్రంథాలయమునకు రాలేనివారి యిండ్లకు పొండు. మొదట వారు చెప్పునది వినుడు. పిదప వారు కోరినది చదువుడు. వచ్చు సోమవారమే ఆరంభింపవచ్చును. గ్రంథములిచ్చుటకు గ్రంథపాలకులు సిద్ధముగా నుందురని వారి పక్షమున నేను మాట యిచ్చుచున్నాను.