చక్కెర లేని టీ



మానవపాడులో గృహదర్శనమునకు బయలుదేరితే ఒక్క సాయంకాలమే అయిదారు ఇండ్లలో టీ త్రాగవలసి వచ్చును. ప్రేమ కొలది చక్కెర. వద్దంటే నొచ్చుకొందురని ఏండ్ల తరబడి త్రాగితిమి. షుగరు ముదిరి మూత్రపిండములు చెడినవారికి సమాధి కార్యక్రమము జరిగించినవారమే అయినను, మాకు నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకొంటిమి.

ఒక ఉపవాస ప్రార్థన దినమున, ఎటూ పరగడుపే గదా యని, రక్తమిచ్చితిమి. 148 వచ్చినది. 100 లోపు ఉండవలెను. 126గాని ఆపైనగాని రెండు మారులు వచ్చినచో మధుమేహమే. మరల చూపించుకొంటిమి, 151. మూడు నెలల సగటు తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షయు కలదు, అందులో 6.5 మొదలుకొని మధుమేహము. 2018లో హైదరాబాదులో మొదలై జిల్లాలకు వచ్చిన తెలంగాణ డయాగ్నోస్టిక్స్ పథకమువలన ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తమిచ్చినవారికి పరీక్షలు ఉచితము.

మన నడిగడ్డ జొన్నరొట్టె మంచిదే గాని, నాలుగు తింటే అదియు షుగరును పెంచును. మేము ఒకటి తగ్గించి ఆకుకూర పప్పు పెంచుకొంటిమి. దానియేలు పది దినములు శాకధాన్యాదులతో గడిపెను. మాకు మొదటి వారమే కష్టమైనది!

ఇకమీదట చక్కెర లేని టీ అడిగితే, తల్లులారా, నొచ్చుకొనకుడి. మీ ఇంట ముప్పది దాటినవారు రక్తపరీక్ష చేయించుకొనిరా అని మేమును అడిగెదము.