పొగ తాగని వాళ్ల ఊపిరితిత్తులు

నేటి నుంచి పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోబోతున్న మీకు అభినందనలు.

ఇలాంటి సభల్లో సేవ, త్యాగం గురించి చెప్పడం ఆనవాయితీ. నేను ధూళి గురించి చెబుతాను. కంటికి కనిపించే ధూళి కాదు, పీఎం 2.5. వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతుకు మించని ఈ రేణువులు ముక్కుకూ గొంతుకూ చిక్కకుండా వాయుగోణుల దాకా పోతాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను, 2013లో బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు ఉన్నదీ అందులోనే. అలాగని రెండింటి ముప్పూ సమానం అనుకోకండి. ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే. సిగరెట్టు ముప్పు ఇప్పటికీ చాలా ఎక్కువ.

మరి ధూళి చేసేదేమిటి? లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థలో చార్లెస్ స్వాంటన్ బృందం 2023లో 'నేచర్' పత్రికలో దీనికి ఒక జవాబు ఇచ్చింది. కొందరు ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లో కూడా ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు వచ్చిన కణాలు కొన్ని ఉంటాయి. నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి పడి ఉంటాయి. సన్నని ధూళి చేరగానే మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు వాపు కలిగించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేస్తాయి. ఆ వాపే నివురును ఊదేస్తుంది. ఎలుకల్లో ఆ ఇంటర్‌ల్యూకిన్‌ను అడ్డుకుంటే క్యాన్సర్ మొదలవడం తగ్గింది. అంటే ధూళి కొత్తగా జన్యువును చెడగొట్టనక్కర్లేదు, ఉన్నదాన్ని లేపితే చాలు.

మన దేశంలో పీఎం 2.5కు ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. 2009లో పెట్టుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సూచనను 10 నుంచి 5కు దించింది. హైదరాబాద్ గాలి ఢిల్లీ కన్నా నయం అంటారు. నిజమే, కానీ ఊపిరితిత్తులకు ఆ పోలికతో పనిలేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కూడా నగరాల పనితీరును ఎక్కువగా ముతక ధూళి కూడా కలిసిన పీఎం 10తోనే కొలిచింది. దాంతో రోడ్లు ఊడ్చే యంత్రాలు వచ్చాయి. సన్నని ధూళినిచ్చే డీజిల్ పొగ, చెత్త మంటలు ఇంకా ఉన్నాయి.

రేపు మీ ఓపీకి పొగ తాగని ఒకావిడ తగ్గని దగ్గుతో వస్తుంది. టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడిన తర్వాత క్యాన్సర్ బయటపడడం మన దగ్గర కొత్త కాదు. సిగరెట్టు అలవాటు లేదు కదా అని ఆ అనుమానాన్ని పక్కన పెట్టకండి. కేస్ షీటులో 'గృహిణి' అని రాసి ఊరుకోకండి. ఇల్లు ఏ రోడ్డు పక్కన, ఎన్నేళ్లుగా, వంట కట్టెల మీదా గ్యాస్ మీదా, అడగండి. ఆ జవాబులతో ఆవిడకు ఆ రోజే మందు మారకపోవచ్చు. కానీ మన ఊళ్ల గాలి ఎవరిని ఎంత దెబ్బతీసిందో ఎవరైనా లెక్క తేల్చాలంటే ఆ కాగితాలే కావాలి.