ఇంటి నేలే పలక
(వార్షిక సమావేశంలో తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన ఎడ్లపాడు పిల్లలు చతురస్రం, దీర్ఘచతురస్రం వరకు సూత్రం బట్టీపట్టి నెట్టుకొస్తున్నారు. రెండు దీర్ఘచతురస్రాలు అతికిన ఆకారం ఇస్తే మాత్రం కలం ఆగిపోతోంది. "మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం మాస్టారూ?" అంటారు తల్లులు. ఈ పాఠం మీరూ చెప్పగలరు అని మనవి చేయడానికే నిలబడ్డాను.

ముందు మాటల అర్థం పట్టించండి. ఉర్దూ పుస్తకంలో వైశాల్యం రఖ్బా, చుట్టుకొలత ఇహాతా. ఇహాతా అంటే ఆవరణ అని మనకు తెలుసు కదా! కల్లంలో మిరపకాయలు పరిచే జాగా అంతా రఖ్బా. పశువులు రాకుండా చుట్టూ కట్టే కంచె పొడవు ఇహాతా. మొదటిది చదరపు అడుగులు, రెండవది వట్టి అడుగులు.

ఇక లెక్క. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల స్థలం. దాని ఒక మూలన పొడవు వైపు 8, వెడల్పు వైపు 5 అడుగులు పక్కవారికి పోయాయి. సుద్దముక్కతో బొమ్మ గీయించండి. చెప్పని భుజాలు బిడ్డనే అడగండి: 20లో 8 పోతే 12, 15లో 5 పోతే 10. ఇప్పుడు అడ్డంగా ఒక గీత గీస్తే రెండు ముక్కలు. 20 × 10 = 200; 12 × 5 = 60. మొత్తం 260 చదరపు అడుగులు. సరిచూడాలంటే, పూర్తి స్థలం 300లోంచి పోయిన 40 తీసేయండి. అదే 260.

పిల్లలు తప్పేది చుట్టుకొలతలో. రెండు ముక్కల చుట్టుకొలతలు 60, 34 కూడి 94 అంటారు. మనం గీసిన 12 అడుగుల గీత రెండు ముక్కల్లోనూ లెక్కకొచ్చింది. అక్కడ గోడ లేదు. ఆ 24 తీసేస్తే 70. నమ్మకపోతే అంచు వెంట దారం పరిచి చూపండి.

ఇక్కడొక సంగతి గమనించండి. మూల పోకముందు కూడా చుట్టుకొలత 70 అడుగులే! అంటే చుట్టూ కొలిచి "సరిపోయింది" అనుకున్నవాడు 40 చదరపు అడుగులు పోగొట్టుకున్నట్టే. స్థలం కొనేనాడు, అన్నదమ్ములు పంచుకునేనాడు ఈ తేడా తెలియని మనిషి మోసపోతాడు. అందుకే ఇది పరీక్ష మార్కుల కోసం మాత్రమే కాదు.

9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుండే ఆల్జీబ్రా అనే మాట వచ్చింది. అందులో భూమి కొలతలూ, వారసత్వ వాటాల లెక్కలూ ఉన్నాయి. హక్కుదారుకు హక్కు సరిగా అందాలంటే కొలత తెలియాలి.

కనుక వారానికి ఒక్క సాయంత్రం బిడ్డ చేతికి టేపు ఇచ్చి ఇల్లు కొలిపించండి. ఆడపిల్లలకూ ఇవ్వండి. జవాబు మీరు చెప్పకండి; "ఇక్కడ గోడ ఉందా?" అని అడగండి, చాలు.