మా అవ్వ కష్టార్జితము
(షోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)

నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాడను. మన కుటుంబముల చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. కుటుంబ చరిత్ర అనగానే ఇంటిపేరు, గోత్రము, తాతముత్తాతల పేర్లు చెప్పి ముగించుట మనకు అలవాటు. నేను మా నాయనకు తల్లియైన మా అవ్వను గురించి చెప్పదలచినాను.

మనవారు వచ్చిన దారి ఉద్యోగరీత్యా నాకు కొంత తెలియును. బొంబాయి వైపునుండి రైలు 1860లో షోలాపూరు చేరినది. 1874లో వాడి–సికిందరాబాదు లైను పడినది. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వెలసినది. ఆ తరువాత కొంతకాలమునకు మా ముత్తాత సిరిసిల్ల ప్రాంతమునుండి మగ్గము పని వెదకుకొనుచు వచ్చినాడు. ఇంతవరకు మా యింట అందరికి కంఠస్థమే.

అవ్వ 1957లో కోడలుగా వచ్చినది. కామారెడ్డిదాక ఎడ్లబండి, అక్కడినుండి మీటరుగేజి బండి, సికిందరాబాదులో దిగి మరొక బండి, వాడి మీదుగా షోలాపూరు. అప్పటికి ఈ ఊరు బొంబాయి రాష్ట్రములోనిది. 1960 మే 1న మహారాష్ట్రములోనిదైనది. "ఇల్లు గదలలే, రాష్ట్రం మారింది" అని ఆమె ఇప్పటికిని నవ్వుచుండును.

తాత కార్ఖానాలో దుప్పట్లు నేసేవాడు. నలుబది యేండ్లు నిండకముందే ఛాతీ జబ్బుతో మగ్గము దిగినాడు. ఆ దినమునుండి ఆరుగురి తిండి అవ్వ ఒడిలోని చాటమీద పడినది.

బీడీలు చుట్టని ఇల్లు మన పేటలలో తక్కువ గనుక ఈ పని మీకు వివరింపనక్కరలేదు. అయినను పిల్లలకొరకు చెప్పెదను. రాత్రి తునికాకు నీళ్లలో తడిపి గుడ్డలో చుట్టవలెను. తెల్లవారి రేకు కొలతపెట్టి కత్తెరతో కత్తిరించి, పొగాకు వేసి, చుట్టి, దారముకట్టి, మొన మడవవలెను. ఇరువదియైదు ఒక కట్ట. నలుబది కట్టలైతే వెయ్యి. వెయ్యికి ఇంత అని కూలి. కార్ఖానాలో చూచువాడు వదులుగా ఉన్నవనియో, సన్నగా ఉన్నవనియో కొన్ని ప్రక్కకు తీసివేయును. వాటికి కూలి లేదు. "చాటలున్నంత సేపే అవి నావి" అని అవ్వ అనేది.

ఆ కూలితో మా నాయన చదివినాడు. ఆయన బడి దరఖాస్తు నేను చూచినాను. తండ్రి వృత్తి నేతపని, తల్లి వృత్తి ఇంటిపని అని వ్రాసియున్నది. అప్పటికి తాత మగ్గము దిగి మూడేండ్లు! పని ఇంటిలో జరిగినది గనుక అది ఇంటిపనియేనని వ్రాసినవారు తలచినారు కాబోలు. కాని 1966లో బీడీ కార్మికులకు ప్రత్యేక చట్టమే వచ్చినది. 2006లో కుంభారి దగ్గర పదివేల ఇండ్లు పంచినప్పుడు అవి గృహిణులకని కట్టినవి కావు, బీడీ కార్మిక స్త్రీలకని కట్టినవి. ప్రభుత్వము ఒప్పుకొన్నదానిని మనము మన యిండ్లలో ఒప్పుకొనవద్దా?

గుమాస్తాకు నోటిమాటకన్న పుస్తకముమీద నమ్మకమెక్కువ. అవ్వ ట్రంకుపెట్టెలో కార్ఖానావారిచ్చిన పాత లెక్కల పుస్తకములున్నవి. ఏ దినమున ఎంత ఆకు, ఎంత పొగాకు, ఎన్ని బీడీలు అన్నీ అందులో ఉన్నవి. మా చిన్నాయన పుట్టిన వారములో ఆరు దినములు గడులు ఖాళీ, ఏడవనాడు ఐదువందలు. మా వంశములో ఇంత నమ్మకమైన కాగితము మరొకటి లేదు.

మొన్న అవ్వ పుట్టినింటి పేరు నాయననడిగితే ఆయనకు తోచలేదు. ఆమెనే అడిగినాను. తన తల్లి, తల్లికి తల్లి, ఆమె అత్తగారు, వారి ఊళ్లు, ఎవరు నూలు వడకేవారు, ఎవరు రంగులద్దేవారు, గుక్కతిప్పుకొనకుండ చెప్పినది. ఆమెకిప్పుడు ఎనుబది దాటినవి. చెవులు సరిగా వినపడవు. మా చిన్నపిల్ల ప్రక్కన కూర్చుండి గట్టిగా అడుగుచున్నది, నేను వ్రాసికొనుచున్నాను. రెండు నోటుపుస్తకములు నిండినవి. సిరిసిల్లనుండి వచ్చిన కుటుంబముల వారెవరైన ఈ సభలో ఉన్నచో, కాఫీ సమయమున ఒకసారి కలిసికొనగోరుచున్నాను. రెండు మూడు ఊళ్ల పేర్లు సరిచూచుకొనవలసియున్నది.