తూము తాళం ఎవరి చేతిలో?

(యువజన శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కడో ఎడారిలో జరిగే యుద్ధాలతో మనకేం పని అని కొందరు అడుగుతున్నారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి కూలికి పోయినోళ్ళు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి పోయిన ఆడవాళ్ళు ఏ దేశాల్లో ఉన్నారు? 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పుడు దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తేవాల్సొచ్చింది. మనకు పని ఉంది కాబట్టే ఈ చరిత్ర చెప్తున్నాను.

ఇరాన్ నుంచి మొదలుపెడదాం. అక్కడ 1908లో చమురు పడింది. దాన్ని తీసింది బ్రిటిష్ కంపెనీ. యుద్ధనౌకలను బొగ్గు మాన్పించి చమురుతో నడపాలని 1914లో బ్రిటిష్ ప్రభుత్వమే అందులో పెద్ద వాటా కొన్నది. అబాదాన్‌లో పెద్ద శుద్ధి కర్మాగారం లేచింది. తెల్ల అధికారులకు పచ్చిక బయళ్ళ బంగళాలు, ఇరాన్ కూలీలకు గుడిసెలు. ఊరు వేరు, వాడ వేరు! నేల ఇరాన్‌ది, చెమట ఇరాన్‌ది. ఆ కంపెనీ 1950లో ఇరాన్‌కిచ్చిన వాటా కన్నా బ్రిటన్‌కు కట్టిన పన్నే ఎక్కువ.

ఈ అన్యాయం చెల్లదన్నాడు ప్రధాని మొసాద్దిక్. 1951లో చమురును జాతీయం చేశాడు. బ్రిటన్ ఆ చమురును ఎవరూ కొనకుండా అడ్డుపడింది. తరువాత అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, బ్రిటిష్ గూఢచారులు కలిసి డబ్బు కుమ్మరించారు. పత్రికలను కొన్నారు, అద్దె మూకలను వీధుల్లోకి దించారు, సైనికాధికారులను తిప్పుకున్నారు. 1953 ఆగస్టు 19న ఆయన్ను కూలదోశారు. బయటికి చెప్పింది కమ్యూనిస్టుల భయం. మరుసటి ఏడాది జరిగిందేమిటి? ఇరాన్ చమురు నడిపే హక్కులో 40 శాతం అమెరికా కంపెనీలకు పోయింది! ఆ కుట్ర తన పనేనని 2013లో బయటికొచ్చిన సీఐఏ పత్రాలే ఒప్పుకున్నాయి.

ఇక ఇరాక్. సద్దాం మంచివాడని నేననను. 1988లో హలబ్జాలో విషవాయువుతో కుర్దు ప్రజలను చంపాడు. ఆ రోజుల్లో ఇరాన్ మీద యుద్ధంలో అతనికి దన్ను ఇచ్చింది అమెరికానే. అతను కువైట్ చమురు మీద చెయ్యేశాకనే 1991లో అతని మీద యుద్ధానికి దిగింది. 2003లో సామూహిక విధ్వంస ఆయుధాలున్నాయని దండెత్తారు. ఎంత వెతికినా దొరకలేదు. బాగ్దాద్ పడ్డాక జాతీయ మ్యూజియం లూటీ అయింది, చమురు మంత్రిత్వ శాఖకు మాత్రం సైన్యం కాపలా కాసింది. చమురు బావుల మరమ్మతు కాంట్రాక్టు పోటీ టెండర్ లేకుండా హాలిబర్టన్ అనుబంధ కంపెనీకి పోయింది. అప్పటి ఉపాధ్యక్షుడు చెనీ 2000 దాకా హాలిబర్టన్ అధిపతి.

“సారూ, అమెరికాకు సొంత చమురు లేదా?” అని అడగొచ్చు. ఉంది. 2018 నుంచి ముడి చమురు తీయడంలో అదే మొదటిది. ఇరాక్‌లో కూడా 2009 వేలంలో చైనా కంపెనీలకు పెద్ద బావులు దక్కాయి. మరెందుకు ఇంత పట్టు? చెరువు సంగతి మీకు తెలుసు. తూము తాళం చేతిలో ఉన్నోడు ఆ నీళ్ళన్నీ తానే తాగడు. ఎవరి మడి పండాలో, ఎవరిది ఎండాలో తేలుస్తాడు. అదీ అధికారం. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ దాచుకోకుండా చెప్పాడు: గల్ఫ్ మీద బయటివాళ్ళు పట్టు సాధించబోతే సైన్యంతోనైనా అడ్డుకుంటామని.

ప్రతి యుద్ధానికీ చమురొక్కటే కారణం అనుకోవద్దు. కానీ యుద్ధం వార్త వినగానే మూడు ప్రశ్నలు అడగండి. ఆ నేల కింద ఏముంది? దాని మీద హక్కు నిన్న ఎవరిది, రేపు ఎవరికి పోతుంది? చచ్చేది ఎవరి పిల్లలు? మన ఊళ్ళో భూమి తగాదా వచ్చినా ఇవే అడుగుతాం కదా. దేశాల తగాదాలోనూ ఇవే అడగాలి. గల్ఫ్‌కు పోయిన మనవాళ్ళ కోసమైనా అడగాలి.

జై భీమ్!