మృదంగం వాయిస్తారు, డప్పు కొడతారు. ఎందుకని?

ఈ ఎపిసోడ్ అసలు ఇలా ఉండాల్సింది కాదు. ప్లాన్ చాలా సింపుల్. సంగీతం తెలిసిన వాళ్లను కలవాలి, అందరినీ ఒకటే ప్రశ్న అడగాలి: "మీరు ఏం వాయిస్తారు?" సగం మనకు తెలిసిన వాయిద్యాలు, సగం అరుదైనవి. అంతే, పది నిమిషాల వీడియో. బీటెక్ రోజుల్లో కాలేజీ ఫెస్టుల్లో కీబోర్డ్ వాయించేవాణ్ని కాబట్టి ఈ టాపిక్ నాకు ఈజీ అనుకున్నా.

మొదట్లో అలాగే సాగింది. గిటార్, కీబోర్డ్, తబలా, వయొలిన్. ఒకతను కహోన్ తెచ్చాడు. చూడ్డానికి చెక్కపెట్టె. దాని మీదే కూర్చుని, ముందు పలక మీద చేతులతో వాయిస్తారు. పెరూ దేశంలో పుట్టిన వాయిద్యం. "ఇది అరుదైన దాంట్లోకి వస్తుంది" అని నోట్ చేసుకున్నా.

అరుదైన వాటిలో నాకు బాగా చూపించాలని ఉన్నది కిన్నెర. ఒక కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. 12 మెట్ల కిన్నెర అనగానే మనకు గుర్తొచ్చేది దర్శనం మొగిలయ్య గారు. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని కలిసే అవకాశం నాకు దొరకలేదు.

ఇంతలో బోనాలకు మా మేనమామ వాళ్ల ఊరికి వెళ్లా. అక్కడ ఐదుగురు డప్పులతో ఉన్నారు. వీడియో మధ్యలో వేసుకోవడానికి కాస్త విజువల్స్ వస్తాయి కదా అని కెమెరా తీశా. వాళ్లలో పెద్దాయన్ని అలవాటుగా అదే ప్రశ్న అడిగా: "తాతా, మీరు ఏం వాయిస్తారు?"

ఆయన నవ్విండు. "వాయించుడు యాడిది సారూ. వాయించేటోళ్లు వేరే ఉంటరు. మేం డప్పు కొడ్తం, గంతే."

అప్పుడు నేనూ నవ్వేశా. ఇంటికొచ్చి ఎడిటింగ్‌కి కూర్చున్నాక ఆ మాట వదల్లేదు.

మీరే ఆలోచించండి. వీణ వాయిస్తారు, వయొలిన్ వాయిస్తారు, సరే, అవి తీగల వాయిద్యాలు. మరి మృదంగం? అది కూడా చేత్తో కొడితేనే మోగుతుంది. అందులోనూ ఉండేది తోలే: ఆవు, మేక, గేదె తోళ్లు. కానీ "మృదంగం వాయిస్తున్నారు" అంటాం. తబలా వాయిస్తారు. నా కహోన్ ఫ్రెండు చెక్కపెట్టెను కొడుతుంటే నేను కూడా "వాయిస్తున్నాడు" అనే అన్నా. ఒక్క డప్పు దగ్గరికి రాగానే "కొడతారు".

వాయిద్యం మనదా, బయటిదా అనేది లెక్క కాదు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. కర్ణాటక సంగీతంలోకి దాన్ని తెచ్చిన వాళ్లలో ముందు చెప్పేది ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ పేరు. ఆ తర్వాత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో దాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. మాండొలిన్ కూడా బయటిదే. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చిన్నతనంలోనే ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక కచేరీలు చేశారు. అంటే ఎక్కడి నుంచో వచ్చిన వాయిద్యానికి మన దగ్గర "వాయించడం" అనే మాట దొరికింది. ఊళ్లోనే ఉన్న డప్పుకి దొరకలేదు.

ఎందుకంటే, సూటిగా చెప్తా. డప్పును తరతరాలుగా తయారుచేసిందీ, మోగించిందీ ఎక్కువగా మాదిగలు. పెళ్లి, జాతర, చావు, చాటింపు, అన్నిటికీ ఊరు వాళ్లను పిలిచింది. పనిగా చూసింది, విద్యగా చూడలేదు. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం వేదికల మీద డప్పు ఎంత మోగిందో మనకు తెలుసు. అయినా మాట మాత్రం మారలేదు.

మరి అందులో విద్య లేదా? నేను చూసింది చెప్తా. మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి డప్పులు కాచారు. తోలులో చెమ్మ పోయి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది. గిటార్‌కి మనం కీ తిప్పినట్టే. తాత కాసేపు కాచడం, ఒక దెబ్బ వేసి చెవి పెట్టి వినడం, మళ్లీ కాచడం. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. పెళ్లికో దరువు, జాతరకో దరువు, చావుకో దరువు. "కండ్లు మూస్కొని ఇను బిడ్డా, ఏ పనికి కొడ్తున్నమో నీకే తెలుస్తది" అన్నాడు.

నాలో సాఫ్ట్‌వేర్ బుర్ర ఊరుకోదు కదా. ఆ రికార్డింగ్‌ను మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వేసి క్వాంటైజ్ కొట్టా. అంటే ప్రతి దెబ్బనూ కంప్యూటర్ లెక్క ప్రకారం సరిగ్గా గీత మీదికి జరుపుతుంది. దరువు చచ్చిపోయింది. తప్పు ఒక్కటీ లేదు, ఊపు కూడా లేదు. అన్‌డూ కొట్టగానే ప్రాణం లేచొచ్చింది. గీతకి కొంచెం ముందు, కొంచెం వెనక పడే ఆ దెబ్బలే ఆయన విద్య. నా కీబోర్డ్ మీద పట్టుకుందామని సాయంత్రమంతా కూర్చున్నా, రాలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఈ వీడియో ఫస్ట్ కట్‌లో అందరి కిందా పేరు, వాయిద్యం వేశా. కహోన్ ఫ్రెండుకి కూడా. తాతకి వేయలేదు. ఆయన డప్పును నా మాటల వెనక బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌గా వాడేశా. అసలు ఆయన పేరే అడగలేదు. అరుదైన వాయిద్యాల కోసం ఊళ్లు తిరుగుతున్నవాణ్ని, చిన్నప్పట్నుంచి ప్రతి పండక్కీ విన్నదాన్ని వాయిద్యంగా లెక్కే పెట్టలేదు.

మామయ్యకి ఫోన్ చేసి తాతతో మాట్లాడా. సారీ చెప్పా. "నీ పేరు వేస్తా తాతా. కింద ఏమని రాయమంటవ్? కొడతారు అనా, వాయిస్తారు అనా?"

ఆయన అన్నది ఇదీ: "ముందుగాల పేరు రాయి బిడ్డా. ఇంక కొడ్తున్ననో వాయిస్తున్ననో ఇనేటోళ్లకు తెల్వదా?"

పేరు ఇప్పుడు స్క్రీన్ మీద ఉంది. ఈసారి మీ ఊళ్లో డప్పు మోగితే, డ్యాన్స్ చేయండి, తప్పకుండా చేయండి. అయిపోయాక ఒక్క నిమిషం ఆగి వాళ్ల పేరు అడగండి.

ఇక నేను మాట్లాడను. దీని మీద నా వాయిస్ ఉండదు. తాత వాయిస్తాడు, వినండి.