ఆకుమడి ఎదిగేలోపల – హాకీ జట్టులో రక్షణ పంక్తి

తొలకరి పడగానే మన గోదావరి పడమటి డెల్టా రైతు ఆకుమడి పోస్తాడు. ఆ ఆకు తీతకు రావడానికి ఇంచుమించు నెల రోజులు పడుతుంది. ఆ నెల రోజులూ అతడు అరుగు మీద కూర్చుండడు. గట్లు చెక్కుకొంటాడు, గండ్లు పూడ్చుకొంటాడు, బోదెలు బాగుచేసుకొంటాడు. తొందరపడి లేత ఆకును పీకి ఊడ్చడు. ఊడిస్తే మొదటి పెద్ద వానకే అది నీట మునిగి కుళ్ళిపోతుందని అతడికి తెలుసును. హాకీ జట్టును మళ్ళీ నిర్మించుకొనదలచినవారు మొదట నేర్చుకొనవలసిన పాఠం ఇదే.

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి ఒడ్డు పల్లెలోనైనా బడి జట్టుకు ఏటా ఒక ఆపద తప్పదు. పరీక్షలు కాగానే పెద్ద తరగతివారు వెళ్ళిపోతారు. వారితోపాటు జట్టులో సగం బలం వెళ్ళిపోతుంది. మిగిలిన పిల్లలలో చురుకైనవారు ముందు వరుస కావాలంటారు. గోలు కొట్టినవాడి పేరే గదా ఊరంతా మారుమ్రోగేది! ఎవరికీ అక్కరలేని పధ్నాలుగేళ్ళ కుర్రవాణ్ణి తెచ్చి గోలు ముందర నిలబెడతారు. పోటీలో అయిదారు గోళ్ళు పడతాయి. నింద అంతా ఆ పసివాని నెత్తిన పడుతుంది. మరుసటి ఏడు వాడు హాకీ కర్ర ముట్టడు. ఒక పోటీ ఓడిపోవడం పెద్ద నష్టం కాదు. నాలుగేళ్ళలో మంచి ఆటగాడు కాదగిన ఆ కుర్రవాణ్ణి పోగొట్టుకోవడమే తీరని నష్టం.

మన దేశపు హాకీ చరిత్ర కూడా ఈ మాటనే చెబుతున్నది. 1928లో ఆంస్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు 29 గోళ్ళు చేసినది. తన మీద ఒక్క గోలైనా పడనీయలేదు. ధ్యాన్‌చంద్ పేరు ఎరుగనివారు లేరు గాని, నాడు గోలు కాచిన రిచర్డ్ ఆలెన్ పేరు ఎందరికి తెలుసును? ఎనిమిది స్వర్ణ పతకాలు గెలిచిన దేశం 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హతనే పొందలేకపోయినది; 2012లో లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండవదిగా మిగిలినది.

అక్కడినుండి తిరిగి లేచిన తీరు గమనింపదగినది. 2016 డిసెంబరులో లక్నోలో మన యువకులు బెల్జియంను 2–1తో ఓడించి జూనియర్ ప్రపంచ కప్పు గెలిచినారు. ఆ ఫైనల్లో గోళ్ళు చేసినవారు గుర్జంత్ సింగ్, సిమ్రన్‌జీత్ సింగ్. వారిరువురూ టోక్యో ఒలింపిక్స్‌లో ఆడేసరికి దాదాపు అయిదేళ్ళు పట్టినది. పిల్లలు ఎదుగుతున్న ఆ కాలంలో వెనుక పంక్తిని నిలిపినవారు పెద్దలు: గోల్‌కీపరు శ్రీజేష్, రూపిందర్‌పాల్ సింగ్, బీరేంద్ర లక్డా వంటివారు. 2021 ఆగస్టు 5న జర్మనీతో జరిగిన ఆటలో మనవారు 1–3తో వెనుకబడి కూడ 5–4తో గెలిచి, 41 ఏళ్ళ తరువాత పతకం తెచ్చినారు. రెండు గోళ్ళు సిమ్రన్‌జీత్‌వి. చిట్టచివరి క్షణాలలో వచ్చిన పెనాల్టీ కార్నరును ఆపినవాడు శ్రీజేష్. ఎదిగిన ఆకూ, గట్టి గట్టూ ఒక్క ఆటలోనే కనిపించినవి.

ఇక మన చిన్న జట్లు చేయదగిన పని ఏమిటి?

మొదటిది: వెనుక పంక్తి నడుమ అనుభవం గలవాడు ఒక్కడైనా ఉండవలెను. అతడు వేగంగా పరుగెత్తలేకపోయినా ఫరవాలేదు. ఎవరు ఎక్కడ నిలవాలో కేకవేసి చెప్పగలిగితే చాలును. బడి జట్టులో పెద్దవారికి చోటులేదు గనుక, అక్కడ పై తరగతిలోని నిదానస్థుణ్ణి ముందు వరుసనుండి వెనుకకు రప్పించవలెను. చదువు ముగించిన పాత ఆటగాళ్ళు సాయంకాలపు సాధనలో పిల్లల పక్కన నిలిచి ఆడవచ్చును. ఎదుటివాని బంతి మీదికి ఎగబడక, అతణ్ణి మెల్లగా పక్క గీత వైపు తరుముకొనిపోవడం లేతవాడు నేర్చుకొనేది ఆ పెద్దవాని పక్కనే.

రెండవది: రక్షణ వెనుకవారి పని మాత్రమే కాదు. 2024లో పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్ జరుగుతుండగా 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపినారు. ఆట 60 నిమిషాలది. తక్కిన 43 నిమిషాలూ మనవారు పదిమందే. అయినా ముందు వరుసవారు సైతం వెనుకకు పరుగెత్తి కాచినారు. 1–1తో సమం చేసుకొని, షూటౌట్‌లో 4–2తో గెలిచినారు.

మూడవది: గట్టు ఒక్కటే చాలదు, నీరు పోవడానికి దారి కావలెను. ఈ సంగతి కొల్లేటివారికి మరొకరు చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేటిలో నిండి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవలెను. చేపల చెరువుల గట్లు సరస్సును ఆక్రమించి నీటి దారికి అడ్డుపడినందువల్లనే 2006లో వాటిని పెద్ద ఎత్తున కొట్టించవలసి వచ్చినది. హాకీలోనూ అంతే. పదిమందీ గోలు ముందర గుమిగూడి బంతిని ఆపి, కంగారుగా నడిమి మైదానంలోకి కొడితే అది మళ్ళీ ఎదుటివారికే దొరుకుతుంది. ఆపిన బంతిని పక్క గీత వెంట తనవానికి అందించడం రక్షణలో సగం. అదే జట్టుకు ఉప్పుటేరు.

నాలుగవది పెనాల్టీ కార్నరు. దానిని కాయడానికి గోల్‌కీపరుతో కలిపి అయిదుగురే. తక్కినవారు మధ్య గీత ఆవల ఉండవలెను. ఎవరు ముందుకు దూకవలెను, ఎవరు గోలు స్తంభం దగ్గర నిలవవలెను అన్నది ముందే నిర్ణయించి, ప్రతిదినం పావుగంట సాధన చేయించవలెను. ప్రతిభ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ క్రమశిక్షణ కొద్ది వారాలలోనే వస్తుంది.

చివరకు తలిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడు ఈ ఏడు గీత ఆవలనే కూర్చున్నాడని చిన్నబుచ్చుకోకండి. అప్పటి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అమ్మాయి రజని టోక్యో ఒలింపిక్స్‌కు సవిత వెనుక రెండవ గోల్‌కీపరుగా వెళ్ళినది. ఆస్ట్రేలియాను 1–0తో గెలిచి మన మహిళా జట్టు తొలిసారిగా ఒలింపిక్ సెమీఫైనల్ చేరినప్పుడు గోలు కాచినది సవితే. కాని సాధనలో రెండవ గోల్‌కీపరు లేనిదే మొదటి గోల్‌కీపరుకు పదును రాదు. ఆ రెండవ స్థానాన్ని నిలుపుకొనడానికీ ఎన్నో ఏళ్ళ కఠోర పరిశ్రమ కావలెను.

ఆకుమడిలో ఉన్న పైరును ఎవరూ దండగ అనరు. అది ఎదిగేదాకా గట్టు కాయడం పెద్దల వంతు. ఊడ్పుల నాటికి గట్టు గట్టిగా ఉంటే, పంట తన పని తాను చూసుకొంటుంది.